అడుగంటని అన్నం పథకం

మా శాఖలో ఇంతవరకూ ఏ పథకమూ విఫలం కాలేదు. ఈ మాట నేను గట్టిగా చెప్పగలను, ఎందుకంటే విఫలం కాలేదని రాసేది నేనే. నా పేరు సన్యాసిరావు. జిల్లా వసతి గృహాల కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై రెండేళ్లుగా నోట్ ఫైళ్లు రాస్తున్నాను. నీళ్లు రాని కుళాయిని 'పూర్తి స్థాయిలో పొదుపు సాధించిన కుళాయి' అని మొట్టమొదట రాసింది నేనే. ఆ వాక్యం ఇప్పుడు నాలుగు జిల్లాల్లో వాడుకలో ఉంది.

'అడుగంటని అన్నం' పథకం పుట్టుక గురించి రకరకాలుగా చెప్పుకుంటారు. నాకు తెలిసింది ఇదీ. రాజధానిలో మా డైరెక్టరు విశ్వంభరం గారింట్లో కొత్తగా కరెంటు ప్రెషర్ కుక్కరు కొన్నారు. పెద్దవాళ్లని భోజనానికి పిలిచిన రోజున అందులో పులావు వండారు. సగంలో ఉండగా కుక్కరు కీచుకీచుమని అరిచి, ఎర్ర అక్షరాల్లో 'బర్న్' అని చూపించి ఊరుకుంది. మూత తీస్తే పులావు అడుగున నల్లగా, పైన పచ్చిగా ఉందట. తెల్లవారి పదకొండు గంటలకల్లా రాష్ట్రమంతటికీ సర్క్యులరు వచ్చేసింది. "అడుగంటిన ఆహారము మానవ వనరుల వికాసమునకు పెను అవరోధముగా పరిణమించినందున" అని మొదలైంది అది. పులావు ఊసు అందులో ఎక్కడా లేదు.

తొలి విడతలో జిల్లాకో హాస్టలు. మా జిల్లాకి నీలమ్మవలస బాలికల హాస్టలు ఎంపికైంది. తొంభై మంది ఆడపిల్లలు, నాలుగు కరెంటు కుక్కర్లు. ఒక్కోటి చంటిపిల్లకి నీళ్లు పోసేంత ఉంది. పాత గ్యాసు పొయ్యిని తాడుతో కట్టి, లక్క సీలు వేసి, స్టోర్ గదిలో పెట్టారు.

ఆ హాస్టల్లో వంట చేసేది సింహాలమ్మ. పద్నాలుగేళ్లుగా 'తాత్కాలిక' వంటమనిషి. పర్మనెంటు చెయ్యమని ఆవిడ పెట్టుకున్న అర్జీ నా బల్ల మీంచి పైకి పదకొండుసార్లు వెళ్లి, పదకొండుసార్లు కిందికి వచ్చింది. భర్త లేడు. మోకాళ్లు నొప్పులు. ఆ ఉద్యోగంలోంచి ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలి. ఈ పథకం వచ్చాక మా జిల్లా అధికారి దక్షిణామూర్తి గారు ఆ ఫైలు మీద పచ్చ సిరాతో ఇలా రాశారు: "సదరు వంటమనిషి నూరు దినములు ఒక్క పర్యాయమైనను అడుగంటకుండా వండినచో పర్మనెంటుకు సిఫార్సు చేయవచ్చును. ఒక్క పర్యాయము అడుగంటినను ఫైలు శాశ్వతముగా మూసివేయవలెను."

సింహాలమ్మకి ఇది చదివి వినిపించాను. "అదేటి బాబూ, నానెప్పుడైనా మాడ్సినానా?" అంది. నిజమే, మాడ్చలేదు. కానీ మాడ్చలేదనడానికి కాగితం లేదు.

కుక్కర్లు వాడే పద్ధతి నేర్పడానికి రాజధాని నుంచి మెడలో టై కట్టుకున్న శిక్షకుడొకాయన వచ్చాడు. పుస్తకం చూసుకుంటూ నూనె పోశాడు, పోపు వేయించాడు, దాని మీదే పప్పూ టమాటాలూ గుమ్మరించి అరగ్లాసు నీళ్లు చల్లి మూత బిగించాడు. కుక్కరు కాసేపట్లోనే అరిచింది. ఎర్ర అక్షరాలు వెలిగాయి. అడుగంతా మాడు. అది శిక్షణలో భాగమని నమోదు చేసుకున్నాం.

సింహాలమ్మ మూల నిలబడి అంతా చూసింది. శిక్షకుడు జీపెక్కాక, రెండో కుక్కర్లో తనే వండింది. అరవలేదు. మూత తీస్తే పప్పు వెన్నలా ఉంది, గిన్నె అడుగు అద్దంలా ఉంది.

"ఏం చేశావ్?" అన్నాను.

"ఏటుంది బాబూ! పోపు ఏగినాక అడుగున ఇంత అంటుకుంటాది గదా. అదే మాడతాది. గ్లాసుడు నీలోసి సెక్క గరిటితో ఆ అడుగు సుబ్బరంగా గీకీడమే. అప్పుడు పప్పు, సరిపడా నీలు. టమాటాలు ఆకర్న పైనెయ్యాల, కలపకూడదు. మరి మూతెట్టీడమే."

అడుగంటని అన్నం సమస్య అక్కడితో తీరిపోయింది. పథకం మొదలైన రోజునే తీరిపోయింది. ఇలాంటి ప్రమాదం మా శాఖకి అంతకుముందెప్పుడూ ఎదురవలేదు.

ఆవిడ చెప్పినదాన్ని పేజీన్నర నోటుగా రాసి దక్షిణామూర్తి గారి ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశారు.

"ఏవయ్యా సన్యాసిరావ్, గ్లాసుడు నీళ్లంటే ఏ గ్లాసు?"

"అక్కడున్న స్టీలు గ్లాసు సార్."

"అది స్టాండర్డు గ్లాసేనా? చెక్క గరిటె మన సామాను జాబితాలో ఉందా?"

"లేదు సార్. ఆవిడ ఇంటినుంచి తెచ్చుకుంది."

"అంటే ప్రైవేటు గరిటెతో ప్రభుత్వ గిన్నెని గీకింది. రేపు ఆడిట్ వాళ్లొచ్చి గిన్నె అడుగు మందం కొలిస్తే ఎవరు సమాధానం చెప్తారు? నువ్వా, నేనా?"

ఇద్దరమూ చెప్పలేం కాబట్టి అదే రోజు పథకానికి ఏడో నిబంధన పుట్టింది. రాసింది నేనే. "కుక్కరు లోపలి గిన్నె అడుగును గరిటెతో గాని, చెంచాతో గాని, గోటితో గాని, ఇతర సాధనముతో గాని ఎవరును గీకరాదు. అడుగంటిన ప్రతి సందర్భములోను, గిన్నెను గీకిన వ్యక్తి పేరు, హోదా నాలుగవ గడిలో నమోదు చేసి, ముందుగా సదరు వ్యక్తిపై చర్య తీసుకొనవలెను." 'గోటితో గాని' అన్న మాట దగ్గర దక్షిణామూర్తి గారు నా వైపు చూసి తల ఊపారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

గీకకుండా అడుగంటకుండా చెయ్యడమెలాగో తేల్చడానికి ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. గిన్నె అడుగు విషయం చూడ్డానికి పంచాయతీరాజ్ ఇంజనీరు, లోహం విషయం చూడ్డానికి ఐటీఐ లెక్చరరు, ఆరోగ్యం విషయం చూడ్డానికి పశువుల డాక్టరు. ఆ వారం జిల్లాలో ఖాళీగా దొరికిన డాక్టరు ఆయనొక్కడే. కమిటీ హాస్టల్‌కి వచ్చి, సింహాలమ్మ వండిన పప్పూ వంకాయ కూరా తిని, "పరిశీలించితిమి" అని సంతకాలు పెట్టి వెళ్లింది. మూడు వారాలకి నివేదిక వచ్చింది.

ఆ నివేదికని నేను ఇప్పటికీ అప్పుడప్పుడు తీసి చదువుకుంటాను. అడుగంటడానికి మూడు కావాలి, అన్నారు అందులో. ఒకటి అడుగు, రెండు వేడి, మూడు ఆహారం. అడుగు ప్రభుత్వ ఆస్తి, దాన్ని ముట్టుకోకూడదు. వేడి విద్యుత్ శాఖ పరిధిలోది, మనం జోక్యం చేసుకోరాదు. మన శాఖ అదుపులో ఉన్నది ఆహారం ఒక్కటే. కనుక ఆహారాన్ని దశలవారీగా తగ్గించిన యెడల మాడు దానంతట అదే తగ్గును.

ఇందులో తప్పెక్కడుందో చెప్పండి చూద్దాం. నేను చాలాసేపు వెతికాను.

మొదటి వారం పప్పు సగం, నీళ్లు రెట్టింపు. రెండో వారం టమాటాలు రద్దు. మూడో వారం పోపు రద్దు, ఎందుకంటే అంటుకునేది ముందు పోపే. నాలుగో వారం అన్నం గంజి అయింది, ఐదో వారం గంజి పల్చని గంజి అయింది. ఏడో వారానికి నాలుగు కుక్కర్లలోనూ నికరంగా నీళ్లు మాత్రమే మిగిలాయి. పొద్దున్న తొమ్మిదింటికి సింహాలమ్మ నీళ్లు పోసి బొత్తాం నొక్కేది. అవి మర్యాదగా మరిగి, ఆవిరి వదిలి, పచ్చ దీపం చూపించేవి. రిజిస్టరులో నేను "అడుగంటలేదు" అని రాసేవాణ్ణి.

తొంభై మంది పిల్లల సంగతేమిటని మీరు అడుగుతారు. మా ఆఫీసులో ఎవరూ అడగలేదు. సరుకులు పాత లెక్కనే వస్తున్నాయి, వాటిని ఆపే విభాగం వేరు. సింహాలమ్మ బాత్రూముల వెనక మూడు రాళ్లు పెట్టి, పుల్లలు ఎగదోసి, పాత డేగిసాలో వండేది. ఆ పొయ్యి ఏ రిజిస్టరులోనూ లేదు కనుక అందులో అడుగంటడానికి అవకాశమే లేదు. పిల్లలు పళ్లేలు పట్టుకుని అటు వెళ్లేవారు. తనిఖీ పేరుతో వారానికి రెండుసార్లు నేనూ వెళ్లేవాణ్ణి. ఆవిడ గోంగూర పప్పు వేసి, పైన కాసిన్ని వేయించిన వెల్లుల్లి రెబ్బలు చల్లి పెట్టేది. నిజం పైకి చెప్పాలంటే నోరు తెరవాలి కదా, ఆ నోట్లో ఆవిడ పప్పు ఉండేది.

అంతా సవ్యంగా జరిగిపోయేదే. ఆ బరువుల రిజిస్టరే కొంప ముంచింది.

నెలనెలా నర్సమ్మ వచ్చి పిల్లల బరువులు చూసి రాసి వెళ్తుంది. ఎనభై ఐదో రోజున ఆ రిజిస్టరు దక్షిణామూర్తి గారి బల్ల మీదికి చేరింది. ఎదిగే పిల్లలు, ఎదిగారు. ఒక్కొక్కరు సగటున కిలోన్నర. ఆయన ఒక చేత్తో కుక్కర్ల రిజిస్టరు, రెండో చేత్తో బరువుల రిజిస్టరు పట్టుకుని కుర్చీలోంచి మెల్లగా లేచారు.

"సన్యాసిరావ్! లోపలికి ఏం వెళ్తోంది?"

"నీళ్లు సార్."

"బరువు?"

"పెరిగింది సార్."

ఆయన రెండు రిజిస్టర్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. "మనం ఏం కనిపెట్టామో నీకు అర్థమవుతోందటయ్యా? ఆహారమన్నది ఉత్త అలవాటయ్యా! ఇన్నాళ్లూ ప్రభుత్వం అనవసరంగా బియ్యం పంపిస్తోంది!"

ఆ సాయంత్రమే ఆయన రాజధానికి రాశారు, వారం తిరక్కుండా జవాబు వచ్చింది. నూరో రోజున డైరెక్టరు విశ్వంభరం గారు స్వయంగా నీలమ్మవలస విచ్చేసి, హాస్టల్‌కి జ్ఞాపిక ఇచ్చి, సింహాలమ్మ పర్మనెంటు సిఫార్సు మీద సంతకం చేస్తారు. రెండో ఫైలు మీద కూడా సంతకం చేస్తారు. ఆ రెండోది నేనే టైపు చేశాను: "నూరు దినములు అడుగంటని హాస్టళ్లను పురోగామి హాస్టళ్లుగా ప్రకటించి, ఒకటవ తేదీ నుండి బియ్యము, పప్పు, నూనె తదితర సరుకుల పంపిణీ నిలుపుదల చేయడమైనది. ఒక్క పర్యాయమైనను అడుగంటిన హాస్టళ్లు వెనుకబడిన హాస్టళ్లుగా పరిగణింపబడి, వాటికి సరుకులు యథాతథముగా కొనసాగును."

టైపు చేస్తున్నంతసేపూ నా వేళ్లు బాగానే కదిలాయి. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తొంభై తొమ్మిదో రోజు మధ్యాహ్నం హాస్టల్‌కి వెళ్లాను. సింహాలమ్మ గుమ్మం దగ్గర కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. రెండు ఫైళ్ల సంగతీ చెప్పాను. మొదటిదానికి చేతులెత్తి దణ్ణం పెట్టింది. రెండోది విని నవ్వింది. నేను నవ్వకపోవడం చూసి ఆపేసింది.

"సరుకులాపీసి? ఈ గుంటలేటి తింతారు బాబూ?"

"నీళ్లు చాలునని కాగితం ఉంది సింహాలమ్మా."

"అడుగంటిన ఆస్టల్లకో?"

"వాటికి పాత లెక్కే. ఏమీ ఆపరు."

ఆవిడ చేట మీద చెయ్యి ఆపింది. నేను గబగబా అందుకున్నాను. "నువ్వేం తొందరపడకు. వెనక వండుతున్నానని చెప్పావో, నిబంధనలు అతిక్రమించావని ఉన్నది కూడా పోతుంది. ముందు పర్మనెంటు కానీ. పిల్లల సంగతి తరవాత మెల్లగా చూద్దాం."

"మెల్లగానా?" అంది. "ఒకటో తారీకింకా నాలుగురోజులే గదా బాబూ ఉంది."

ఆవిడ మళ్లీ పప్పు ఏరడం మొదలుపెట్టింది. ఒక రాయి దొరికితే వేలితో దూరంగా విసిరింది.

మర్నాడు హాస్టల్ ముందు షామియానా వేశారు. వేదిక మీద నిగనిగలాడే గిన్నె అడుగు బొమ్మతో పెద్ద బ్యానరు. పిల్లలు చేతులు చాచి "నేను నా గిన్నెను అడుగంటనివ్వను" అని ప్రతిజ్ఞ చేశారు. పదకొండింటికి రావలసిన విశ్వంభరం గారు పన్నెండున్నరకి వచ్చారు. భారీ మనిషి, అలసిన మొహం. దక్షిణామూర్తి గారు గంటంపావు మాట్లాడారు. ఆకలి అనేది వలస పాలన మనకి అంటగట్టిన భావన అన్నారు. విశ్వంభరం గారు మధ్యమధ్యలో గడియారం చూసుకుని, ముందున్న జీడిపప్పు పళ్లెం ఖాళీ చేశారు.

ఇక కార్యక్రమంలో ముఖ్యాంశం. వేదిక మీద ఒక కుక్కరు పెట్టారు. డైరెక్టరు గారు బొత్తాం నొక్కితే నీళ్లు మరుగుతాయి, పచ్చ దీపం వెలుగుతుంది, చప్పట్లు, సంతకాలు. మూత అప్పటికే బిగించి ఉంది. సింహాలమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని పక్కన నిలబడింది. ఆయన బొత్తాం నొక్కారు.

ఐదు నిమిషాలు గడిచాయి. నాకు ఆవాల వాసన తగిలింది. తరవాత ఇంగువ. నీళ్లకి ఇంగువ వాసన ఉండదని అంత కంగారులోనూ నాకు తెలుసు. సింహాలమ్మ వైపు చూశాను. ఆవిడ ఎదురుగా వరసగా కూర్చున్న పిల్లల్ని చూస్తోంది.

కుక్కరు కీచుకీచుమంది. ఎర్ర అక్షరాలు వెలిగాయి.

దక్షిణామూర్తి గారు మైకు పట్టుకునే కూలబడ్డారు. "ఏమిటిది? ఏమిటిది?" అంటున్నారు, మైకు దాన్ని ఊరంతటికీ వినిపిస్తోంది. ఆయనే మూత తీశారు. లోపల నీళ్లు లేవు. పోపు మీద పప్పు, దాని మీద టమాటా గుజ్జు అదిమి పెట్టి ఉన్నాయి. పప్పు ముందే ఉడికించి పోసినట్టుంది. శిక్షకుడు చేసిన తప్పులన్నీ ఆవిడ ఒక్కటీ వదలకుండా చేసింది. పప్పు పైన పచ్చగా ఉడుకుతోంది, అంచుల దగ్గర ఎర్రగా వేగి గిన్నెకి పట్టింది.

"ఎవరే ఇది పెట్టింది?" అన్నారు దక్షిణామూర్తి గారు.

"నానే బాబూ," అంది సింహాలమ్మ. "అడుగంటీసింది. రాసుకోండి."

నూరో రోజు. పద్నాలుగేళ్లు. నా చేతిలో ఉన్న ఆవిడ ఫైలు బరువెక్కినట్టనిపించింది.

అప్పుడు విశ్వంభరం గారు ముందుకి వంగి గిన్నెలోకి చూశారు. వాసన పీల్చారు. ఒకటిన్నర దాటి చాలాసేపైంది. ఆయన మొహంలో డైరెక్టరు కాస్త కాస్తగా తగ్గిపోవడం నేను కళ్లారా చూశాను. చెంచా అందుకున్నారు. అంచున ఎర్రగా పట్టిన పప్పుని బర్రున గీకి నోట్లో వేసుకున్నారు. కళ్లు మూసుకున్నారు.

"మా అమ్మ..." అన్నారు. "అడుగంటిన పప్పు గీకి వేడన్నంలో కలిపి ముద్దలు పెట్టేది. మేం అన్నదమ్ములం ఆ గీకుడు కోసం కొట్టుకునేవాళ్లం." మళ్లీ గీకారు. ఈసారి అడుగునుంచి. "అన్నం ఉందా?"

నిబంధనల ప్రకారం అన్నం ఉండకూడదు. బాత్రూముల వెనకనుంచి పొగలు కక్కుతూ వచ్చింది. ఎక్కడినుంచని ఆయన అడగలేదు. చెయ్యి కడుక్కుని కలుపుకున్నారు, రెండోసారి పెట్టించుకున్నారు. దక్షిణామూర్తి గారు సమయం చూసి రెండో ఫైలు, పెన్నూ ముందుకి జరిపారు.

"ఏమిటిది?"

"సరుకుల నిలుపుదల సార్. తమరి ఆదేశమే."

ఆయన పప్పన్నం అంటిన కుడిచెయ్యి చూసుకున్నారు, ఫైలు చూశారు. "ఇలాంటి పప్పు చేసేచోట సరుకులు ఆపమన్నానా? నేనా? తియ్యవయ్యా అవతలికి, మరకలవుతాయి." గిన్నెలో ఏమీ మిగల్చకుండా వేలితో కూడా గీకి లేచారు. కారెక్కే ముందు ఒక పెద్ద ఏలక్కాయ నమిలారు.

కారు దుమ్ము అణగకముందే దక్షిణామూర్తి గారు నాకు డిక్టేషను మొదలుపెట్టారు. సింహాలమ్మ ఫైలు శాశ్వతంగా మూయాలి, తొలగింపు మెమో ఇవ్వాలి. ఆవిడ అప్పటికి పిల్లలకి వడ్డిస్తోంది. నేను దగ్గరికెళ్లి, "ఎందుకు చేశావ్? నోటితో చెప్పి ఉండకూడదా?" అన్నాను.

"నాను సెప్తే ఎవులింతారు బాబూ? మిసను సెప్తే ఇంతారు."

ఆ సాయంత్రం నేను జీవితంలో మొదటిసారి ఒక నోటు నా అంతట నేను, ఎవరూ అడక్కుండా రాశాను. "అడుగంటిన సందర్భమును నమోదు చేయుటకు ఏడవ నిబంధన మేరకు నాలుగవ గడి పూరించవలసియున్నది. గిన్నెను చెంచాతో, అనంతరము వేలితో గీకిన వ్యక్తి పేరు, హోదా తెలియజేసి, ముందుగా సదరు వ్యక్తిపై చర్యకు అనుమతించవలసినదిగా ప్రార్థన. సాక్ష్యాధారమైన మాడు ప్రస్తుతము సదరు వ్యక్తి వద్దనే ఉన్నది."

మూడు రోజులు ఆ ఫైలు ఆయన గదిలోంచి బయటికి రాలేదు. నాలుగో రోజు వచ్చింది. పచ్చ సిరా కాస్త వణికింది గానీ అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి: "మాడు నిరూపణ కాలేదు. నూరు దినములు పూర్తి. సిఫార్సు చేయడమైనది." సరుకుల ఫైలు సంతకం కాకుండానే రాజధానికి వెళ్లి, డైరెక్టరు గారి బల్ల మీద ఇంకా ఉందని విన్నాను, దాని మీద ఏలక్కాయల డబ్బా పెట్టారట.

నెల తిరిగేసరికి పర్మనెంటు ఆర్డరు వచ్చింది. 'నీటి పచన సహాయకురాలు' అని హోదా. రోజూ తొమ్మిదింటికి నాలుగు కుక్కర్లలో నీళ్లు మరిగించడం విధి. ఇప్పటికీ మరిగిస్తోంది. చలికాలం కదా, పిల్లలు ఆ నీళ్లతో తలంటుకుంటున్నారు. వంట మాత్రం బాత్రూముల వెనకే.

ఆర్డరు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి రవికెలో పెట్టుకుంది. నాకు అన్నం వడ్డించింది.

"పద్నాలుగేళ్లు మాడ్సకండా వండినాను బాబూ, ఒకలూ సూడనేదు," అంది. "ఒక్క పాలి, అదీ కావాలని, మాడ్సినాను. పెర్మనెంటు సేసీసినారు."